తాడు లేకుండా బండ ఎక్కుతున్నాడు మా తమ్ముడు. ఎందుకో ఎవరైనా చెప్తారా?

మారతహళ్ళి_అక్క:

అందరికీ నమస్తే. మాది కర్నూలు, బెంగళూరు వచ్చి తొమ్మిదేళ్ళయింది. తమ్ముడు నా దగ్గరే ఉంటాడు. 27 ఏళ్ళు, మంచి ఉద్యోగం, సిగరెట్ ముట్టడు, రోడ్డు దాటేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఆపే రకం. శనివారం తెల్లవారుజామున ఫ్రెండ్స్‌తో ట్రెక్ అని మాగడి వైపు వెళ్తాడు, పదకొండు పదకొండున్నరకి ఫోన్ చేసి "అక్కా, కూరేం చేశావ్" అంటాడు, మధ్యాహ్నానికి వచ్చి తిని పడుకుంటాడు. నేనెప్పుడూ పట్టించుకోలేదు.

పోయిన వారం వాడి ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టబోతే ఒక వీడియో ప్లే అయింది. సావనదుర్గ. ఏనుగు వీపులాంటి నల్ల బండ, దాని మీద చీమంత మనిషి, మావాడే, నడుముకి తాడు లేదు. కింద నుంచి ఎవరో "సూపర్ మగా" అని అరుస్తున్నారు. నాకు చేతులు చల్లబడిపోయాయి.

అడిగితే దాచలేదు. "అది ఈజీ రూట్ అక్కా, తాడుతో ఇరవైసార్లు ఎక్కాకే ఇలా ఎక్కా" అన్నాడు. ఇరవైసార్లు తాడుతో ఎక్కినవాడివి ఇరవై ఒకటోసారి కూడా తాడుతోనే ఎక్కచ్చు కదరా అంటే నవ్వి ఊరుకున్నాడు. రీల్స్ పిచ్చా అంటే అదీ కాదు, ఆ వీడియో ఎక్కడా పెట్టలేదు. పెట్టుంటే లైకుల కోసం అని నాలుగు తిట్టి నా మనసైనా సరిపెట్టుకునేదాన్ని. డిప్రెషన్ అనుకుందామంటే నాకంటే వాడే ఎక్కువ తింటాడు, ఎక్కువ నవ్వుతాడు.

మా అమ్మ బతికుంటే బలుసాకు తినొచ్చు అనే మనిషి. ఆమెకి తెలిస్తే మంచం పడుతుంది. నీతులు వద్దండీ, తెలిసినవాళ్ళు చెప్పండి, మనుషులు ఇలా ఎందుకు చేస్తారు?


సిల్క్‌బోర్డ్_బాధితుడు:

మీ తమ్ముడు వారానికి ఒక్కరోజే ఎక్కుతున్నాడు, నేను వారానికి ఐదు రోజులు ఔటర్ రింగ్ రోడ్డు మీద బైక్‌లో వెళ్తున్నా, మా అక్క ఒక్కసారి కూడా ఇంత బాధపడలేదు 🙂

జోక్ పక్కన పెడితే, నా అభిప్రాయం మీకు నచ్చదు. ఇవన్నీ కడుపు నిండినవాళ్ళ వేషాలు. చిన్నప్పుడు మా ఊరికి గడ ఎక్కే ఆటవాళ్ళు వచ్చేవాళ్ళు. వెదురు గడ కొసన బోర్లా పడుకుని గిరగిరా తిరిగేది ఒకామె, కింద ఆమె మొగుడు డోలు కొట్టేవాడు, చంటిపిల్ల చాప మీద పడుకుని ఉండేది. కింద వల లేదు, ఏమీ లేదు. ఈమె ఎందుకింత సాహసం చేస్తోంది అని మా ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు, ఆట అయిపోయాక పళ్ళెం పట్టుకుని తిరిగితే అందరికీ తెలిసిపోయేది. అదే పని జీతం ఉన్నవాడు సెలవు రోజు చేస్తే మాత్రం "అంతర్మథనం" అంటాం.


చాక్_చేతులు:

మాది గుంటూరు, బెంగళూరులో పదకొండేళ్ళుగా క్లైంబింగ్ చేస్తున్నా. తురహళ్ళి, రామనగర, సావనదుర్గ, బాదామి అన్నీ తిరిగా. అక్కా, ముందు ఒక మాట. బండలెక్కే వాళ్ళలో నూటికి తొంభై మంది తాడు వదలరు. మీ తమ్ముడు చేసేదాన్ని ఫ్రీ సోలో అంటారు, మా గ్రూపుల్లో కూడా దాని మీద గొడవే.

సావనదుర్గలో ఎక్కేది ఎక్కువగా స్లాబ్. అంటే నిట్టనిలువుగా ఉండదు, వాలుగా నున్నగా ఉంటుంది. పట్టుకోవడానికి చీలిక ఉండదు, గంటు ఉండదు, అరచేతులు ఊరికే ఆనించి షూ అడుగున రబ్బరు బండని కరిచి పట్టుకుంటుందన్న నమ్మకం మీద నిలబడాలి. తమాషా ఏంటంటే భయపడి ఒళ్ళు బండకి ఆనిస్తే కాలు జారుతుంది. బరువు పాదాల మీద పడాలంటే ఒళ్ళు బండకి దూరంగా ఉంచాలి. అంటే భయం ఏది చెయ్యమంటుందో సరిగ్గా దానికి ఉల్టా చెయ్యాలి, ప్రతి అడుగుకీ. మీ ప్రశ్నకి నాకు తెలిసిన సమాధానంలో సగం ఇందులోనే ఉంది. ఆ కాసేపు బుర్రలో రెండో ఆలోచనకి చోటుండదు. పొద్దున్నించి రాత్రిదాకా పది ట్యాబులు తెరుచుకుని బతికేవాడికి అది ఎంత హాయో చెప్పలేను. ధ్యానం చేస్తే రాదా అంటారేమో, నాకైతే రాలేదు, కూర్చుంటే నిద్రొచ్చింది.

ఇంకో సగం, వీళ్ళు అనుకున్నంత తెగించినవాళ్ళు కాదు. అమెరికన్ క్లైంబర్ అలెక్స్ హానల్డ్ 2017 జూన్ 3న వాళ్ళ దేశంలోని యోసెమిటీలో ఎల్ కాపిటాన్‌ని, దాదాపు 3000 అడుగుల గోడని, తాడు లేకుండా 3 గంటల 56 నిమిషాల్లో ఎక్కాడు. జనానికి అదే తెలుసు. అంతకు ముందు ఆ రూటు తాడుతో ఎన్నిసార్లు ఎక్కాడో, ఎక్కడ ఏ వేలు పెట్టాలో ఎలా బట్టీ పట్టాడో, 2016 నవంబర్‌లో మొదలుపెట్టి మధ్యలో మనసొప్పక ఎలా దిగిపోయాడో ఎవరూ చెప్పుకోరు. కెమెరాలు, టీము అంతా ఉండగా "ఈరోజు కాదు" అని దిగడం నా దృష్టిలో ఎక్కడం కంటే గొప్ప.

నేను కూడా మూడేళ్ళు సోలో చేశా. మానేశా. జూలైలో ఒక ఉదయం, ముందు రోజు వాన పడింది, బండ ఆరిందనుకున్నా. సగంలో కుడికాలు నాచు మీద ఒక అంగుళం జారి ఆగింది. అంతే, అంగుళమే. పైదాకా వెళ్ళి, నడక దారిలో దిగొచ్చి, బిడదిలో తట్టె ఇడ్లీ తిన్నా. నా జన్మలో అంత రుచిగా ఇడ్లీ తినలేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు, జారానని కాదు, ఆ ఇడ్లీ రుచి కోసం మళ్ళీ వెళ్తానేమో అని భయం వేసింది.


ఫిజియో_మడివాళ:

చాక్_చేతులు గారు చెప్పినవాళ్ళు నా దగ్గరికి రారు, నా దగ్గరికి వచ్చేది వీలింగ్ పిల్లలు. పదహారు, పదిహేడేళ్ళు. డియో బండి ముందు చక్రం లేపి నేషనల్ హైవే మీద పోతూ పడినవాళ్ళు. మోకాలు వంచడానికి మూడు నెలలు ఏడుస్తారు. ఒకడు అయితే వాకర్ పట్టుకుని నడవడం మొదలుపెట్టిన రోజే "మేడమ్, మళ్ళీ కిక్ కొట్టగలనా" అని అడిగాడు. కొట్టాలనిపించింది, నిజంగా.

వీళ్ళ విషయంలో మాత్రం కారణం చాలావరకు తెలిసిందే. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అని ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. కారు నడిపే వీడియో గేమ్, పసుపు లైటు పడినప్పుడు ఆపాలా, పోనివ్వాలా అని. పిల్లలు ఒంటరిగా ఆడితే ఒకలా ఆడారు, పక్కన స్నేహితులు ఉంటే ఇంకా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు. పెద్దవాళ్ళలో స్నేహితులు ఉన్నా లేకపోయినా పెద్ద తేడా రాలేదు. నా పేషెంట్లలో ఒంటరిగా వీలింగ్ చేస్తూ పడినవాడిని నేనింతవరకు చూడలేదు. ఎవడో ఒకడు వెనక నుంచి ఫోన్‌లో తీస్తూనే ఉంటాడు. సెల్ఫీలదీ ఇదే కథ, 2011 నుంచి 2017 వరకు ప్రపంచం మొత్తం మీద వార్తల్లోకెక్కిన సెల్ఫీ చావులు లెక్కేస్తే 259, అందులో 159 మన దేశంలోనే.

2024లో నెలమంగల దగ్గర ఫ్లైఓవర్ మీద వీలింగ్ చేస్తున్న పిల్లల స్కూటర్లని జనం ఎత్తి కిందకి పడేశారు, గుర్తుందా? అలా చెయ్యడం తప్పే, కానీ ఆ వీడియో చూసి మా డిపార్ట్‌మెంట్‌లో సగం మంది చప్పట్లు కొట్టారు. మైనర్‌కి బండి ఇచ్చిన తల్లిదండ్రులకి 25,000 జరిమానా, మూడేళ్ళ వరకు జైలు అని 2019 నుంచి చట్టంలో ఉంది. అది చెప్తే తండ్రులు నా మొహం వింతగా చూస్తారు.

అక్కా, మీ తమ్ముడు వీళ్ళ కోవలోకి రాడు. 27 ఏళ్ళు, వీడియో దాచుకున్నాడు. అందుకే నాకు అతను ఇంకా అర్థం కావడం లేదు.


చంద్రగిరి_చిన్నోడు:

నాది రంగంపేట పక్కన ఊరు. కనుమ రోజు పశువుల పండగ ఉంటాది మాకు, జల్లికట్టు అంటారు బయటోళ్ళు. ఎద్దుల కొమ్ములకి పలకలు కడతారు, వాటిని ఊళ్ళో వీధిలోకి వదుల్తారు, కుర్రోళ్ళం అడ్డంపడి పలక పీకాల. మిద్దెల మీద, గోడల మీద, చెట్ల మీద ఎక్కడ చూసినా జనమే. నాకు 19 ఏళ్ళప్పుడు పలక చేతికొచ్చింది, దాంతోపాటు రెండు పక్కటెముకలు విరిగినాయి. ఆ పలక ఇప్పటికీ మా ఇంట్లో దేవుడి పటాల పక్కన ఉంది. మా నాయన ఆస్పత్రిలో నన్ను తిట్టినాడు, బయటికి పోయి టీ అంగట్లో మాత్రం "మావోడే పీకినాడు" అని చెప్పుకున్నాడు.

ఫిజియో మేడం చెప్పింది చదివి నన్ను నేనే అడుక్కున్నా. జనం లేకుండా ఖాళీ వీధిలో ఎద్దు వస్తే ఎదురు పోతానా అని. చస్తే పోను. గోడ దూకి పారిపోతా. కాబట్టి మాది వేరే, అక్క వాళ్ళ తమ్ముడిది వేరే.


మారతహళ్ళి_అక్క:

చంద్రగిరి తమ్ముడూ, నీ పోస్టు చదివాక నాకొకటి గుర్తొచ్చింది. మా మేనమామ ఏటా దసరా రాత్రి దేవరగట్టు వెళ్ళేవాడు, బన్ని ఉత్సవానికి. మాల మల్లేశ్వర స్వామి విగ్రహాల కోసం ఊళ్ళూ ఊళ్ళూ కర్రలతో కొట్టుకుంటాయి, కాగడాల వెలుతురులో తలలు పగులుతాయి. ఒక ఏడాది తలకి పసుపు అద్దుకుని తెల్లారేసరికి ఇంటికొచ్చాడు, మా అమ్మ వేడినీళ్ళు పెట్టి గాయం కడిగి, కాళ్ళకి దండం పెట్టింది. పెట్టింది ఎవరు, ఈ బలుసాకు అమ్మే. అప్పుడు ఇంట్లో ఎవరం పిచ్చి అనలేదు, మొక్కు అన్నాం. తమ్ముడికి అప్పుడు ఆరేళ్ళుంటాయేమో, తలుపు పక్కన నిలబడి చూస్తున్నాడు.


పెన్నా_తీరం:

నెల్లూరు నుంచి. ఈ చర్చలో పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు పేరు ఇంతవరకు రాకపోవడం నాకు బాధగా ఉంది, అందుకే రాస్తున్నా.

మా జిల్లా గాంధీ జనసంఘం అనే చిన్న ఊరు. జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం. ఇక కడుపు నిండలేదని గానీ, పేరు కోసం దారి లేదని గానీ ఎవరూ అనలేరు. 2006లో ఏడు ఖండాల్లో ఎత్తైన ఏడు శిఖరాలని 172 రోజుల్లో ఎక్కాడు. అంటార్కిటికాలో విన్సన్ నుంచి అలాస్కాలో డెనాలి దాకా, మధ్యలో విమానాలు, వీసాలు, డబ్బులు వెతుక్కోవడం అన్నీ కలిపి 172 రోజులు. 2015 మార్చిలో ఆండీస్‌లో, అర్జెంటీనా, చిలీ సరిహద్దులో ఒంటరిగా ఎక్కుతూ కనిపించకుండా పోయాడు. ఏప్రిల్ మొదట్లో దొరికాడు, ప్రాణం లేకుండా. ఊరికి తీసుకొచ్చేసరికి మూడు వారాలు పట్టింది. నలభై ఏళ్ళు.

నన్ను పట్టుకుని వదలనిది ఇదంతా కాదు. అతను చదివింది కోరుకొండ సైనిక్ స్కూల్. అదే స్కూల్లో చదివిన ఉదయభాస్కరరావు అనే సైనికాధికారి 1985లో ఎవరెస్ట్ మీద చనిపోయాడు. స్కూల్లో ఆయన విగ్రహం ఉంది, ఆయన వల్లే కొండల మీదికి మనసు పోయిందట మస్తాన్ బాబుకి. ఆలోచించండి. కొండ మీద చనిపోయినవాడి విగ్రహం అది. వేల మంది పిల్లలు రోజూ దాని ముందు నుంచి అన్నానికి, ఆటలకి వెళ్ళుంటారు. ఎక్కువమందికి అది రాయి. ఒకడికి మాత్రం పిలుపు. అదెందుకో ఏ సైకాలజీ చెప్తుంది?


చాక్_చేతులు:

@పెన్నా_తీరం కొంతవరకు చెప్తుందండీ. మార్విన్ జుకర్‌మన్ అనే ఆయన 1960ల్లో దీని మీద పనిచేశాడు. మనుషులని చీకటి, నిశ్శబ్దం ఉన్న గదుల్లో ఏమీ చెయ్యనివ్వకుండా ఉంచే ప్రయోగాలు జరిగేవి అప్పట్లో. కొందరు హాయిగా పడుకుంటారు, కొందరు కాసేపటికే కాళ్ళు కాలిన పిల్లుల్లా అయిపోతారు. దాన్ని కొలవడానికే 1964లో ఒక ప్రశ్నల పట్టిక తయారుచేశాడు. అందులో ప్రమాదం మీద మోజు ఒక ముక్క మాత్రమే, కొత్తదనం మీద ఆకలి ఇంకోటి, విసుగుని భరించలేకపోవడం ఇంకోటి. అంటే వాళ్ళకి కావలసింది చావు కాదు, మనకి సరిపోయే మోతాదు వాళ్ళకి చప్పగా ఉంటుంది, కారం తినేవాడికి చప్పిడి పథ్యంలాగా.

హానల్డ్ మెదడుని 2016లో స్కాన్ చేశారు కూడా. భయంకరమైన బొమ్మలు చూపిస్తే మామూలుగా భయం గంట మోగించే భాగం, అమిగ్డలా అంటారు, అతనిలో కదల్లేదు. పోలికకి కూర్చోబెట్టిన ఇంకో క్లైంబర్‌కి మాత్రం మోగింది. అయితే పుట్టుకతోనే అలా ఉన్నాడా, ఏళ్ళ తరబడి భయంతో కాపురం చేసి గంటని మూగబోయేలా చేశాడా అన్నది ఒక్క మనిషి స్కాన్‌తో తేలదు. నా గంట మాత్రం బాగా మోగుతుంది, ఆ జూలై నుంచి ఇంకా గట్టిగా.


సిల్క్‌బోర్డ్_బాధితుడు:

మస్తాన్ బాబు గారి ముందు నా "కడుపు నిండిన వేషాలు" మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఇంకో మాట మిగిలింది. మీరంతా ఎక్కేవాడి గురించే మాట్లాడుతున్నారు. 2022 ఫిబ్రవరిలో నంది హిల్స్‌లో ఒక కుర్రాడు జారి లోయలో రాతి అంచు మీద ఇరుక్కుంటే ఎయిర్ ఫోర్స్ హెలికాప్టర్ రావలసి వచ్చింది. తాడు మీద వేలాడుతూ దిగినవాడికి అక్కలేదా? 2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ దారిలో మంచు విరిగిపడి పోయిన 16 మందీ అక్కడ పనిచేసే నేపాలీలే. ఎక్కేవాళ్ళ కోసం ముందుగా వెళ్ళి సరుకు మోస్తున్నవాళ్ళు. మా ఊరి గడ ఆమెలాగా వాళ్ళదీ పళ్ళెమే. ఒకడి పిలుపు ఇంకొకడికి డ్యూటీ. ఇది మాత్రం వెనక్కి తీసుకోను.


చాక్_చేతులు:

తీసుకోవద్దు. మేం ఎక్కువగా మాట్లాడుకోని విషయం అదే.


మారతహళ్ళి_అక్క:

అప్‌డేట్. నిన్న రాత్రి మాట్లాడా. ఇక్కడ మీరు రాసినవి కొన్ని చదివి వినిపించా, ఇడ్లీ దగ్గర నవ్వాడు, అంగుళం దగ్గర నవ్వలేదు. దేవరగట్టు సంగతి అడిగితే గుర్తుందన్నాడు, మామ తల కాదు, అమ్మ వేడినీళ్ళ గిన్నె గుర్తుందట.

ఒకటే ప్రశ్న అడిగా. పైన ఉన్నప్పుడు నేను, అమ్మ గుర్తొస్తామా అని. రారు అన్నాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నాకు ఏడుపొచ్చింది, నిజం చెప్పాడు కాబట్టి తిట్టలేకపోయా. కాసేపాగి "దిగి షూ విప్పగానే ముందు నువ్వే గుర్తొస్తావ్ అక్కా, అందుకే ఫోన్ చేస్తా" అన్నాడు. ఏ ఫోన్ అనబోయి ఆగిపోయా. శనివారం పదకొండున్నర. కూరేం చేశావ్. రెండేళ్ళుగా వంకాయ అనో, బీరకాయ అనో చెప్పి పెట్టేస్తున్నా నేను.

మానేస్తానని మాటివ్వలేదు. ఇస్తే నేనూ నమ్మేదాన్ని కాదు. వానాకాలం అయ్యేదాకా తాడు లేకుండా ఎక్కనని మాత్రం ఒప్పుకున్నాడు, అది కూడా చాక్_చేతులు గారి నాచు వల్లే. ఈ శనివారం నేనూ వెళ్తున్నా, కింద కూర్చుని చూడ్డానికి. తాడుతో ఎక్కేదే చూపిస్తానన్నాడు. అమ్మకి ఇంకా చెప్పలేదు.


చాక్_చేతులు:

నరసింహస్వామి గుడి దగ్గర నీడ ఉంటుంది, బండ కింద ఉండదు. గొడుగు, రెండు లీటర్ల నీళ్ళు తీసుకెళ్ళండి. కోతులున్నాయి, తినేవి బ్యాగు లోపల పెట్టుకోండి. ఇంకోటి, వాడు ఎక్కుతుండగా కింద నుంచి పేరు పెట్టి పిలవకండి.


మారతహళ్ళి_అక్క:

సరేనండీ. పిలవను.